బాడుగ ఇంట్లో నా బండలు

ఏడో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరం వదిలేసుకున్నాం. బడికి నా మీద పెద్దగా బెంగ ఉన్నట్టు కనపడలేదు, నాకూ దాని మీద లేదు. కానీ ముప్పై తొమ్మిదో ఏట పెళ్ళయ్యాక మాత్రం, సగానికీ సమానానికీ తేడా ఏమిటో ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో చెప్పి ఉంటారేమో, వినకుండా వచ్చేశానే అని ఒకసారి గట్టిగా బాధపడ్డాను.

నేను తాడిపత్రిలో బండల పాలిష్ పని చేస్తాను. కోసిన బండ నా మిషన్ కిందికి వస్తుంది. పైనుంచి నీళ్ళు పడుతుంటాయి, రాయి మీద రాయి తిరుగుతుంటుంది, తెల్లటి బురద మోకాళ్ళ దాకా చిందుతుంది. సాయంత్రం నేను రోడ్డు మీద వస్తుంటే సున్నం కొట్టిన గోడ నడిచి వస్తున్నట్టుంటుందని మా వాళ్ళంటారు. కూలి అడుగుల లెక్క. కరెంటు ఉంటే అడుగులు, కరెంటు లేకపోతే ఆవలింతలు. ఏదైనా శనివారం సాయంత్రమే చేతికి వస్తుంది.

నేను పెళ్ళి చేసుకున్నామె సర్కారు ఆస్పత్రిలో నర్సు. ఒకరోజు బండ అంచు తగిలి నా అరచేయి కోసుకుపోతే కుట్లు వేసింది ఆమే.

"నొప్పిగా ఉండాదా?" అనడిగింది.

"నువ్వు కుట్లేస్తావని తెలిసుంటే రెండో చేయి కూడా కోసుకొని వచ్చేవాణ్ణి మేడం."

"నోటికి కూడా రెండు వేసేదా? సూది ఉండాది."

ఊళ్ళో అందరూ ఆమెను సిస్టర్ అని పిలుస్తారు. నేను మొదటి రోజు నుంచే జాగ్రత్తగా మేడం అన్నాను. నాలుగు కుట్లకు ఏడుసార్లు కట్టు మార్పించుకున్న మనిషి ఆ ఆస్పత్రి చరిత్రలో నేనొక్కడినే అయి ఉంటాను. ఏడోసారి ఆమె చేయి తిప్పి చూసి, "ఇది మానిపోయి పది దినాలాయె. ఇంగ నీకు ఏం కావల్లో సెప్పు" అంది. చెప్పాను.

ఆమెకు అంతకుముందు ఒక పెళ్ళయింది. ఆ ఇంట్లోంచి బయటికి వచ్చి ఆరేళ్ళుగా ఒంటరిగా ఉంటోంది. ఎందుకు వచ్చిందో ఆమె చెప్పలేదు, నేను తవ్వలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టాం. ఆమె సంతకం ఒక్క గీతలో అయిపోయింది. నేను నా పేరులో ప్రతి అక్షరాన్నీ విడివిడిగా పలకరించి కూర్చోబెట్టే లోపల ఆఫీసరు రెండుసార్లు గడియారం చూశాడు.

ఆస్పత్రికి దగ్గరలో రెండు గదుల ఇల్లు బాడుగకు తీసుకున్నాం. నెలకు ఐదు వేలు. ఇల్లు బాగానే ఉంది కానీ నేల సిమెంటుది. అక్కడక్కడా పెచ్చులు లేచిపోయి, ఎంత ఊడ్చినా ఇంకా ఊడవమనేది.

ఆమె జీతం నా కూలికి నాలుగింతలు. ఆ సంగతి నాకంటే ముందు మా మిషన్ల దగ్గర వాళ్ళకు తెలిసింది.

"ఏమప్పా, ఇంగ నీకు పనెందుకు? మేడం జీతం తింటా ఇంటికాడ కాలు మీద కాలేసుకోని ఉండక!"

"కాలు మీద కాలేసుకుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, అందుకే ఊరికే వస్తాండా లేన్నా" అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పదిమంది మీద జోకులు వేసేవాడు తన మీద పడ్డ జోకుకు నవ్వి తీరాలి. కానీ ఆ మాట బురదతో పాటు కడుక్కుంటే పోలేదు. నా భయం ఒక్కటే. ఆ ఇంట్లో నేను మొగుడిగా కాకుండా, ఆమె పెడితే తిని పోయే చుట్టంగా మిగిలిపోతానేమోనని.

అందుకని మొదటి నెలలోనే కూర్చోబెట్టి చెప్పాను.

"మేడం, ఒక మాట. బాడుగ గానీ, బియ్యం గానీ, గ్యాసు గానీ, ఏదైనా సరే సగం నాది, సగం నీది."

ఆమె బియ్యం చేట పక్కన పెట్టింది. "నీకు ఎంతొస్తాదో నాకు తెలదా?"

"ఎంతొస్తే ఏమి? ఇంట్లో ఇద్దరం ఉండాము. ఇద్దరిలో సగం ఒకరే గదా."

"సరే" అంది.

నేను కంగారుపడ్డాను. రెండుసార్లు వద్దంటుంది, మూడోసారి నేను గెలుస్తానని లెక్క వేసుకుని ఉన్నాను. ఇంత బరువైన పౌరుషాన్ని ఆమె ఒక్క మాటకే నా నెత్తికి ఎత్తేసి, మళ్ళీ బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత తెలిసింది సగం అంటే ఏమిటో. ఆమె కొనేవన్నీ ఆమె జీతానికి సరిపడే సైజులో ఉండేవి. సన్నబియ్యం, రెండు పాల ప్యాకెట్లు, వాసన వచ్చే సబ్బు, మంచి నూనె. తప్పేమీ లేదు, కష్టపడి సంపాదించుకునే మనిషి. కానీ ఆమె అంగట్లో చెయ్యి చాపినప్పుడల్లా నా జేబు ఉలిక్కిపడేది. ఆదివారం "కిలో మటన్ తెద్దామా?" అంటే నాకు అర కిలో ధర కళ్ళ ముందు నిలబడేది.

"డాక్టరు మటన్ తగ్గించమన్నాడు" అన్నాను ఒకసారి.

"ఏ డాక్టరు? నేను ఉండేది ఆస్పత్రిలోనే గదా, నాకు తెలీకుండా ఏ డాక్టరప్పా?"

నెల తిరిగేసరికి నా దగ్గర ఏమీ మిగిలేది కాదు. ఆటో మానేసి నడిచాను. సినిమా మానేశాను. కొత్త లుంగీ కొనాల్సి వస్తే పాతదాన్ని తిప్పి కట్టాను. లుంగీలో ఉన్న సుఖం అదే, దానికి ముందూ వెనకా లేవు.

ఎండాకాలం వచ్చింది. మా వైపు ఎండ సంగతి చెప్పనక్కర్లేదు, పగలంతా సిమెంటు తాగిన వేడిని సాయంత్రం కాళ్ళ మీద కక్కుతుంది. ఆమె ఆస్పత్రి నుంచి వచ్చి చెప్పులు విప్పగానే చిన్నగా అరిచి మంచం ఎక్కేది.

"ఏసీ పెట్టిద్దాం" అంది. "నేను కొంటా. దీంట్లో నువ్వేమీ ఇయ్యొద్దు."

మంచి మనసుతోనే అంది. కానీ ఆ "ఇయ్యొద్దు" నా మనసులో నేరుగా వెళ్ళి మిషన్ల దగ్గరి మాట పక్కన కూర్చుంది. ఏసీ ఆమెది, చల్లగాలి ఆమెది, కింద దుప్పటి కప్పుకుని పడుకునేవాడు చుట్టం.

"తాడిపత్రిలో ఉంటా, పాలిష్ చేసే మొగుణ్ణి పెట్టుకోని, ఏసీ కొంటావా? నవ్వుతారు" అన్నాను. "నాకు నెల టైమియ్యి. ఈ నేల మీద కాలు పెడితే నీళ్ళకుండలో పెట్టినట్టు ఉండల్ల, అట్ల చేస్తా."

మా పాలిష్ వాళ్ళలో ఒక అలవాటు ఉంది. ఎవరైనా కొత్తగా కాపురం పెడితే తలా రెండు బండలు ఇస్తారు. అంచు పెచ్చు లేచినవీ, మూల విరిగినవీ, బేరానికి పనికిరానివీ ఫ్యాక్టరీ ఓనరును అడిగి పక్కన పెట్టుకుంటారు. నాకు ఆలస్యంగా పెళ్ళయింది కాబట్టి ఇన్నేళ్ళుగా ఊరందరికీ నేనిచ్చిన బండలే ఎక్కువ. అడగ్గానే అన్నీ తిరిగి వచ్చాయి. తక్కువ పడ్డవాటిని రెండు వారాల కూలిలో పట్టుకోమని ఓనరుకు చెప్పి తెచ్చుకున్నాను. ట్రాలీ ఆటోలో ఇంటి ముందు దించితే ఒక్కటి ఇంకొకదానితో కలవదు. బూడిదరంగువి, నల్లవి, పచ్చచాయవి, కాఫీలో పాలు విరిగినట్టు ఉన్నవి.

మా స్నేహితుడు ఒకాయన బేల్దారి, గోడలు కట్టే పని. అతను పరిచాడు, నేను అంచులు కోసి పాలిష్ పట్టాను. నాలుగు ఆదివారాలు. ఆమె చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని దారం పట్టుకుని నిలబడేది.

"ఆ పచ్చది ఈడ వద్దు, వాకిట్లో వెయ్యి. వచ్చేటోళ్ళకు కనపడల్ల."

"మేడం, అది మూల విరిగింది."

"నువ్వు కూడా చెయ్యి కోసుకోనే వచ్చినావు. ఉంచుకోలేదా?"

బేల్దారి తాపీ కింద పెట్టి నవ్వాడు. నా మీద నాకంటే బాగా జోకు వేసే మనిషి ఇంట్లో ఉంటే బతుకు కష్టమే, కానీ బోరు కొట్టదు.

పని అయిపోయిన సాయంత్రం ఆమె డ్యూటీ నుంచి వచ్చింది. చెప్పులు విప్పి ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టింది. తర్వాత ఆ తెల్ల బట్టలతోనే వెల్లకిలా నేల మీద పడుకుని చేతులు బార్లా చాపింది.

"ఏసీ ఒద్దులే" అంది చివరికి.

నా జీవితంలో నాకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. అదొక్కటే.

ఐదో తేదీన ఇంటి ఓనరమ్మ బాడుగకు వచ్చింది. అరవై దాటిన మనిషి, బజారులో కిరాణా అంగడి. భర్త పోయినప్పటి నుంచి గల్లా ముందు తనే కూర్చుంటుంది. ఎప్పుడూ వాకిట్లోనే నిలబడి డబ్బు తీసుకుని పోయే మనిషి ఆ రోజు చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. మేడం డ్యూటీలో ఉంది, ఇంట్లో నేనొక్కడినే. ఓనరమ్మ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి అరికాళ్ళతో నేలను రుచి చూస్తున్నట్టు నడిచింది. వంటింట్లో కూర్చుని, నీళ్ళు అడిగి తాగి, పక్కన బండను అరచేత్తో నిమిరింది.

"ఎంత సల్లగుండాదప్పా! నువ్వే వేసినావా?"

"నేనే పెద్దమ్మా" అన్నాను. నా ఛాతీ ఎంత ఉబ్బిందో నాకే తెలీదు, చొక్కా గుండీ ఒకటి తక్కువగా ఉండటం వల్ల కనపడి కూడా ఉంటుంది.

"శానా బాగుండాది. వచ్చే నెల నుంచి ఆరు వేలియ్యి."

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఎందుకు పెద్దమ్మా?"

"సిమెంటు ఇంటికి ఐదప్పా. ఇప్పుడిది బండల ఇల్లు గదా."

"ఆ బండలు నేను వేసినాను గదా!"

"నువ్వే వేసినావు, నేను కాదన్నానా? నా ఇంట్లో వేసినావు. వేసేముందు నన్ను ఒక మాట అడిగినావా? అడిగింటే అప్పుడే సెప్తాంటి."

సంపాదనలో వెనకబడ్డానని, చేతిపనితో సరిచేద్దామని, నా చేతులారా మా ఇంటి బాడుగ నేనే పెంచుకున్నాను. ఊళ్ళో ఇంతమంది బండల పనివాళ్ళున్నారు, సొంతిల్లు కట్టుకున్నాక పరుచుకునేవాళ్ళే తప్ప బాడుగ ఇంట్లో పరిచిన తెలివిమంతుణ్ణి నేనొక్కణ్ణే.

ఓనరమ్మ లేచి చెప్పులు వేసుకుంటుంటే వెనకాలే వాకిట్లోకి పోయాను.

"పెద్దమ్మా, ఆ పైన వెయ్యి నేనే తెచ్చిస్తా అంగడికి. మేడంకు మటుకు సెప్పొద్దు."

"మీ ఇంటి సంగతి నాకెందుకప్పా" అంది. ఆ మాట నేను నమ్మాను.

పైన వెయ్యికి ఆదివారాలు దొరికాయి. లారీలకు బండలెత్తే పని. బేల్దారి స్నేహితుడి ఇంటికి బండలు వేయాలని ఆమెకు చెప్పాను. అతని ఇల్లు ఎంత పెద్దదో ఆమెకు తెలియకపోవడం నా అదృష్టం. రెండు నెలలు గడిచాయి. పాలిష్ మిషన్ వేరు, లోడింగ్ వేరు. కుడి భుజం పట్టేసింది. పడుకుంటే ఒక పక్కకే తిరగగలను. నర్సు పక్కన పడుకుని భుజం నొప్పి దాచాలంటే పోలీసు ఇంట్లో దొంగసొమ్ము దాచినట్టే.

"ఏమయింది భుజానికి?"

"నిద్రలో పట్టుకునింది."

"ఎవురు పట్టుకున్నారు?"

నవ్వింది కానీ కళ్ళు నవ్వలేదు. నేను ఆదివారం ఎక్కడికి పోతున్నానని ఇంకోసారి అడిగింది. అదే అబద్ధం మళ్ళీ చెప్పాను. ఆ వారమే ఒక సంగతి గమనించాను. ఆమె హ్యాండ్‌బ్యాగు ఎప్పుడూ తలుపు వెనక మేకుకు వేలాడేది. ఇప్పుడు అక్కడ లేదు. బీరువాలో ఉంది, బీరువాకు తాళం ఉంది.

దాన్ని ఆమెను అడగలేదు. ఏమని అడగను? నీ బ్యాగు నన్ను చూసి ఎందుకు దాక్కుంది అనా? చుట్టం దాకా అయినా బాగుండేది, ఇప్పుడు దొంగ దాకా వచ్చింది నా పరిస్థితి అనుకున్నాను.

ఓనరమ్మకు బీపీ ఉంది. నేను లెక్కలోకి తీసుకోనిది అదొక్కటే. చూపించుకోవడానికి సర్కారు ఆస్పత్రికే పోతుంది. చేతికి పట్టీ చుట్టించుకుంటూ, పట్టీ చుట్టేది ఎవరో చూసి మెచ్చుకోలుగానే అందట, "నీ మొగుడు బంగారమమ్మా! బాడుగ పెంచితే నీకు సెప్పొద్దని, పైన వెయ్యి ఆయప్పే తెచ్చిస్తాండాడు. ఆదివారం గూడా లారీలకు ఎత్తతాండాడంట." ఓనరమ్మ బీపీ ఎంత వచ్చిందో తెలీదు కానీ మా ఇంట్లో బీపీ ఎంత వచ్చిందో నేను చూశాను.

ఆమెది కర్ణాటక అంచున గుమ్మఘట్ట పక్క ఊరు. మామూలు కోపం తెలుగులో వస్తుంది, అసలు కోపం కన్నడంలో. ఆ సాయంత్రం నేను ఒళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేసరికి నేల మీద కూర్చుని ఉంది.

"మేడం, ఈ రోజు మా మిషన్ కాడ ఏమయిందంటే..."

"సాకు!" అంది. చాలు అని. ఆ ఒక్క మాటకే నేను కూడా కూర్చున్నాను.

"ఆదివారాలు యాడికి పోతాండావు?"

"సెప్పిందా ఆయమ్మ?"

"సెప్పింది. ఊళ్ళో అందరికీ తెలిసినాక నాకు తెలిసింది. వెయ్యి రూపాయలు! వెయ్యి రూపాయలకు భుజం పోగొట్టుకుంటావా? నేనేమనుకుంటాండానో తెలుసా రెండు నెలలుగా?"

"తెలుసు" అన్నాను. "బ్యాగు బీరువాలో పెట్టినావు."

ఆమె తల వంచుకుంది. కాసేపు బండ మీద వేలితో గీతలు గీసింది. అప్పుడు చెప్పింది, నేను ఎప్పుడూ తవ్వనిది. ఆ మొదటి ఇంట్లో జీతం పడిన రోజే ఆమె ఏటీఎం కార్డు ఆ మొగుడి జేబులోకి పోయేది. బస్సు ఛార్జీకి కూడా రోజూ అడిగి తీసుకోవాలి. ఆదివారాలు ఆయన కూడా ఎక్కడికో పోయేవాడు. ఎక్కడికని అడిగితే స్నేహితుడి ఇంటికి అనేవాడు. ఆ స్నేహితుడి ఇల్లు పేకాట ఇల్లు.

"నువ్వు సగం సగం అన్నప్పుడు నేను ఎందుకు ఒప్పుకున్నానో తెలుసా? నీకు చాలదని తెలుసు. తెలిసే ఒప్పుకున్నా. వద్దు, నా జీతంలో తీసుకో అంటే, మళ్ళా అదే మొదలైతాదేమోనని భయం. నా భయానికి నువ్వు లుంగీ తిప్పి కట్టుకుంటాండావు."

"అది చూసినావా?"

"కుట్టు బయటికి కనపడతాంటే చూడరా?"

నాకు నవ్వు వచ్చింది, ఆమెకూ వచ్చింది, ఇద్దరం ఆపుకున్నాం. కోపాన్ని అప్పుడే పోనిస్తే సగంలో ఆగిపోతుందని ఇద్దరికీ తెలుసు.

"నేను నీ కార్డు ముట్టను మేడం. అది నీ దగ్గరే ఉండనీ" అన్నాను. "కానీ నీ జీతంలో కూర్చోని తింటాండానని నలుగురూ అంటే నేను చిన్నోణ్ణయిపోతా. అది మటుకు నాతో కాదు."

"నలుగురంటే ఎవురు? నలుగురూ వచ్చి నీ భుజానికి నూనె రాస్తారా?"

లోపలికి పోయి నూనె తెచ్చింది. రాస్తూ, నొక్కుతూ, తిడుతూ లెక్క చెప్పింది. నీ కూలి ఒక పాలు, నా జీతం నాలుగు పాళ్ళు. మొత్తం ఐదు. ఇంటి ఖర్చు ఏదైనా సరే ఐదు పాళ్ళు చేద్దాం, నాలుగు నావి, ఒకటి నీది. నీ చేతిలో మిగిలింది నీది, నా చేతిలో మిగిలింది నాది. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరూ దాచక్కర్లేదు. నర్సు కదా, మందు కొలిచినట్టు కొలిచింది.

"అయితే ఈ ఇంట్లో ఐదు బండలకు ఒకటే నాది. నేను ఒంటికాలి మీద నిలబడల్లా?"

"బండలన్నీ నీవే. బాడుగే నాది ఎక్కువ" అని భుజం మీద గట్టిగా ఒక్కటి నొక్కింది. అరిచాను.

లెక్క బాగానే ఉంది, నా మనసుకే పట్టలేదు. ఐదులో ఒకటి. పేకముక్కల్లో అన్నిటికన్నా చిన్నదైన రెండు లాంటివాణ్ణి. మర్నాడు పని దగ్గర బేల్దారి కనపడితే, ఇతనికైనా చెప్పుకుందామని పక్కకు పిలిచి చెప్పాను. అతను నవ్వుతాడని, నేను ముందే నవ్వి పెట్టాను.

అతను నవ్వలేదు. "మా ఆమె కూలికి పోయి నేను తెచ్చేదాంట్లో సగం కూడా తేదు" అన్నాడు. "ఆయమ్మ మా ఇంట్లో చుట్టమా?"

"అట్ల కాదన్నా, ఆడోళ్ళు..."

"ఆడోళ్ళయితే?"

ఈ ఊళ్ళో, నేను పుట్టిన కంబదూరులో, మొగుడికంటే తక్కువ తెచ్చే ఆడవాళ్ళు ఎంతమంది! వాళ్ళలో ఎవరినైనా, ఏమమ్మా, నీ వంతు సగం ఇయ్యకుండా ఈ ఇంట్లో ఎట్ల తింటాండావు అని ఎవరైనా అడిగారా? మా అమ్మ కూలి మా నాయన కూలిలో సగం. ఆ ఇల్లు మా అమ్మది కాదని నాకు ఒక్కరోజు కూడా అనిపించలేదు. "పనుంది అన్నా" అని వచ్చేశాను.

ఆ ఆదివారం లోడింగుకు పోలేదు. ఇద్దరం ఓనరమ్మ అంగడికి పోయాం. ఆమె ముందు, నేను వెనక. గల్లా ముందు ముగ్గురు నలుగురు సరుకులకు నిలబడి ఉన్నారు, అందులో మా పాలిష్ ఫ్యాక్టరీ వాళ్ళు ఇద్దరు.

"పెద్దమ్మా, బండలు మేము పరిచినాము. బాడుగ పెంచితే ఎట్ల? పాత బాడుగే తీసుకో. లేకుంటే బండలు పెరుక్కోని ఇంకో ఇంటికి పోతాం" అంది ఆమె.

ఓనరమ్మ తక్కెడలోంచి కళ్ళు ఎత్తకుండానే అంది, "అతికిన బండ పెరికితే వస్తాదా?" నా వైపు చూసింది. "సెప్పప్పా, నువ్వే గదా పనోడివి."

రాదు. ముక్కలవుతుంది. అది మా ఊళ్ళో నడక వచ్చిన ప్రతి పిల్లకూ తెలుసు. ఒక్క మా మేడంకే తెలీదు, గుమ్మఘట్ట పక్క మనిషి కదా. ఆమె ఎంత ధీమాగా నిలబడి ఉందంటే నాకు నిజం చెప్పబుద్ధి కాలేదు.

"వస్తాది పెద్దమ్మా. పగలొచ్చు. పగిలితే మాకు బండ ఉండదు, నీకు నేల ఉండదు. సిమెంటు కూడా పోయింటాది అడుగున."

ఓనరమ్మ బెల్లం తూచడం ఆపింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "సరే, బేరం ఆడేది నేను ఒకరితోనే ఆడతా. బాడుగ ఇచ్చేది ఎవురు ఇంట్లో?"

ఫ్యాక్టరీ వాళ్ళిద్దరూ పప్పు పొట్లాలు పట్టుకుని నా వైపే చూస్తున్నారు. ఆమె నోరు తెరవబోయింది, నన్ను కాపాడే మాట ఏదో అనబోతోందని ముఖం చూస్తేనే తెలిసింది.

"మేడం ఇస్తాది" అన్నాను. "ఐదు పాళ్ళలో నాలుగు ఆమెవి, ఒకటి నాది. బేరం ఆమెతోనే ఆడు."

ఆడారు. వాళ్ళిద్దరూ బేరమాడుతుంటే నేను మిరపకాయల బస్తా మీద కూర్చుని చూశాను. ఆరు నెలలు పాత బాడుగ, ఆ తర్వాత పైన ఐదు వందలు, ఇప్పటికే నేను ఇచ్చిన రెండు వేలు వచ్చే నెల బాడుగలో పట్టు. బేరం అయ్యాక ఓనరమ్మ నా చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టింది. "ఇది ఎంత పెద్దమ్మా?" అని అడిగి, ఊరికే ఇచ్చిందని రూఢి చేసుకున్నాకే నోట్లో వేసుకున్నాను.

బయటికి వచ్చి నడుస్తున్నాం. ఎండ ఇంకా తగ్గలేదు. ఆమె కొంగు నెత్తిన వేసుకుంది.

"అతికిన బండ పెరికితే వస్తాదా నిజంగా?"

"రాదు."

ఆగి నన్ను చూసింది. "అంతమందిలో అబద్ధం ఆడినావా?"

"అంతమందిలో నిజం కూడా ఒకటి సెప్పినా గదా, దానికీ దీనికీ సరిపోయింది."

కొంచెం దూరం నడిచాం. తర్వాత మెల్లగా అడిగింది, "మీ ఫ్యాక్టరీ వాళ్ళుండిరి. నాలుగు పాళ్ళు ఆమెవి అని అట్ల గట్టిగా అరిచినావే, సిగ్గు కాలేదా?"

"అయింది" అన్నాను. "అందుకే గట్టిగా సెప్పినా. మెల్లగా సెప్తే రెండోసారి సెప్పల్సి వస్తాది."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. బజారు మలుపు దాటి, రైలు గేటు దగ్గర నిలబడి, గేటు ఎత్తే దాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. గేటు ఎత్తారు. వెనక లారీవాడు హారన్ కొట్టాడు.

"పదవే" అన్నాను. పెళ్ళయ్యాక ఆమెను మేడం అనకుండా పిలవడం అదే మొదలు. ఇద్దరం విన్నాం, ఇద్దరం విననట్టే పట్టాలు దాటాం.